పావులూరి మల్లన – చదరంగపు గడుల లెక్క

భద్రాచలము కొండ చెంతగా సాగి, పాపికొండల ఇరుకుదారిలో సుడులు తిరిగి, రాజమహేంద్రవరమువద్ద సముద్రమువలె విప్పారు గోదావరి, ఎగువ అడవులను దిగువ మాగాణములను ఒక్కత్రాట కట్టిన నది. 1959వ సంవత్సరమున ఖమ్మము జిల్లాలో చేరువరకు భద్రాచలము తూర్పు గోదావరి జిల్లాలోనిదే. ఆనాటి ఆ జిల్లాలోనే మరియొక కొన, పిఠాపురము చేరువ, నవఖండవాడ యను గ్రామము కలదు. తెలుగున గణితశాస్త్రమును పద్యములలో చెప్పిన పావులూరి మల్లన వంశమునకు వేంగీరాజు ఇచ్చిన ఊరు అది.

మల్లన జీవితమును గురించి తెలియునది స్వల్పము. ఉన్నంతలో మేలైన ఆధారము ఆతని గ్రంథమే. వంశము కమ్మనాటి పావులూరిది. నేటి బాపట్ల ప్రాంతమునందలి ఊరు. మతమున శైవుడు. ఈపాటి విషయములలో వివాదము లేదు. కాలమును గురించి మాత్రము పండితులు రెండు పక్షములైరి. నవఖండవాడను దానముగా పొందిన మల్లనయే గణితకర్త యనియు, కనుక ఆతడు రాజరాజనరేంద్రునికిని నన్నయభట్టునకును సమకాలికుడనియు మొదటి పక్షము. దానము పొందినవాడు తాత యనియు, గణితము రచించినది అదే పేరుగల మనుమడనియు రెండవ పక్షము. తాతపేరు మనుమనికి పెట్టుట మన ఇండ్లలో నేటికిని ఉన్న ఆచారమే గదా! రాజరాజనరేంద్రుని పట్టాభిషేకము 1022వ సంవత్సరమున జరిగినది. మనుమడే గ్రంథకర్త యనుకొన్నచో రచన పదునొకండవ శతాబ్ది చివరకో, పండ్రెండవ శతాబ్ది మొదటికో వచ్చును. రెండవ పక్షమే బలమైనదిగా తోచుచున్నది. ఏది నిజమైనను, మనకు దొరకిన తెలుగు శాస్త్రగ్రంథములలో దీనికంటె ప్రాచీనమైనది లేదు.

ఆ కాలమున గోదావరికి ఎగువనున్న దేశము ఎట్లుండెనో కొంత ఊహింపవచ్చును. నేటి ఖమ్మమునకు సమీపముననున్న ముదిగొండ పేరిట ఒక చాళుక్యశాఖ వేంగికి సామంతులుగా నిలిచి ఆ అడవి అంచులను ఏలినది. తరువాత కాకతీయుల విజృంభణముతో అది అణగిపోయినది. భద్రాచల రామాలయము నాటికి లేదు. పాల్వంచ తహశీలుదారు కంచెర్ల గోపన్న దానిని కట్టించుటకు ఇంకను ఐదారు వందల యేండ్లు కావలెను. పన్నులసొమ్ము లెక్క ఒప్పగింపలేక ఆ గోపన్నయే చెరసాల పాలయ్యెనని అందరెరిగిన కథ. రాజ్యములు మారినను పొలము కొలత, పన్ను లెక్క, ధాన్యపు పంపకము ఎన్నడును మారలేదు. అడవిని నరికి చేసిన పోడునకు సరిగా నాలుగు మూలలుండవు. అట్టి నేలయొక్క వైశాల్యము తేల్చుటకును, వడ్డి కట్టుటకును, కూలి పంచుటకును సంస్కృతము రాని కరణమునకు ఏ గ్రంథము అక్కరకు వచ్చును? ఈ కొరతను మల్లన తీర్చెను.

ఆతడు ఎన్నుకొన్న మూలమును గురించి ఒక్కమాట చెప్పవలసియున్నది. అది మహావీరాచార్యుని గణితసారసంగ్రహము. తొమ్మిదవ శతాబ్దిలో, మాన్యఖేటమున అమోఘవర్ష నృపతుంగుడు ఏలుచుండగా పుట్టిన పొత్తము. ఆచార్యుడు జైనుడు. ఆతని ప్రభువులైన రాష్ట్రకూటులకును వేంగీ చాళుక్యులకును తరములతరబడి పోరు. అనగా, వేంగీరాజు దానముతో బ్రతికిన శైవకుటుంబములోని కవి, ఒకనాటి పగవారి ఆస్థానమున పుట్టిన జైనగ్రంథమును చేతికి తీసికొనెను. దేవుని మార్చెను గాని లెక్కను మార్చలేదు. ఉదాహరణములలో జినపూజ తొలగి శివపూజ వచ్చినది. పూలు ఎన్ని, గుళ్లు ఎన్ని యను ప్రశ్న మాత్రము నిలిచినది. కొందరికి ఇది అపహరణముగా తోచవచ్చును. కాని మహావీరుని సూత్రములు తెలుగునాట కరణముల నోట నిలిచినది మల్లన వలననే గనుక, ఆ నింద నిలువదు.

మూలమున వేయికి పైగా శ్లోకములు కలవు. సంజ్ఞలు చెప్పిన పిమ్మట పరికర్మము, భిన్నములు, ప్రకీర్ణకము, త్రైరాశికము, మిశ్రకము, క్షేత్రము, ఖాతము, ఛాయ యని వ్యవహారములు వరుసగా నడచును. మహావీరుడు అంకెల స్థానములకు ఇరువదినాలుగు పేర్లు చెప్పెను. ఏకము మొదలు మహాక్షోభము వరకు. పెద్దసంఖ్యలపై ఆ ఆచార్యునికి మక్కువ మెండు. ఇటునుండి చదివినను అటునుండి చదివినను ఒక్కటిగానుండు హారములవంటి గుణకారములను ఆతడు కూర్చెను. 1,52,207ను 73చేత గుణించినచో 1,11,11,111 వచ్చును. 1,23,45,679ను 9చేత గుణించినచో తొమ్మిది ఒకట్లు వచ్చును. పిల్లలు దీనిని పలకపై చేసి చూచి సంతోషింతురు. కాని ఆ హారములో ఎన్ని పూసలున్నవని ఆనాడు ఎవరును అడుగలేదు. 1,23,45,679 అనునది 37, 3,33,667ల లబ్ధము. ఈ రెండును ఇక విడదీయరాని ప్రధాన సంఖ్యలు.

మల్లన పేరు వినగానే తెలుగువారికి స్ఫురించునది ఒక చంపకమాల. పావులూరి గణితమునందలిదిగా అది లోకమున ప్రసిద్ధము. చదరంగపు బల్లపై మొదటి గడిలో ఒక గింజ, రెండవ దానిలో రెండు, మూడవ దానిలో నాలుగు, ఇట్లు రెట్టింపులుగా అరువదినాలుగు గడులు నింపినచో మొత్తమెంత యని ప్రశ్న. దానికి జవాబు ఇరువది అంకెల సంఖ్య:

1,84,46,74,40,73,70,95,51,615.

మహావీరుని స్థానములలో దీని మొదటి ఒకటి మహాశంఖస్థానమున కూర్చుండును. గింజ తూకము 25 మిల్లీగ్రాములే యనుకొన్నను ఆ రాశి సుమారు 46,000 కోట్ల టన్నులగును. ఇంత సంఖ్యను పద్యమున ఎట్లు పొదుగుట? దీనికి మన పూర్వులు భూతసంఖ్య లను ఉపాయము కనిపెట్టిరి. ఆకాశము సున్న, చంద్రుడు ఒకటి, అగ్నులు మూడు, వేదములు నాలుగు, మన్మథుని బాణములు ఐదు, కొండలు ఏడు, దిగ్గజములు ఎనిమిది, దేహరంధ్రములు తొమ్మిది. అంకెలు ఒకట్ల స్థానమునుండి ఎడమకు నడచును. ఈ సంఖ్యలో మూడు ఒకట్లున్నవి. కవి మూడుచోట్లను చంద్రుని మూడు వేరువేరు పేర్లతో పిలిచెను. ఏ పేరు వాడినను అంకె ఒక్కటే. గణమునకు ఏది ఒదిగిన అది. తాళపత్రము వ్రాయు లేఖకుడు అంకెను తప్పవచ్చునుగాని, మాటను తప్పినచో ఛందస్సు కుంటును, యతి చెడును. అందుచేతనే ఈ సంఖ్య శతాబ్దములు దాటి చెక్కుచెదరక వచ్చినది. ఆధునిక పద్ధతిని లెక్కించి చూచినచో ఒక్క అంకెయైనను తేడా రాదు.

ఈ లెక్క మల్లనకు మాత్రమే తెలిసినది కాదు. రాజరాజనరేంద్రుని కాలమున జీవించియున్న అల్ బెరూనీ, తన యౌవనమున రచించిన కాలగణన గ్రంథమున ఇదే మొత్తమును తేల్చెను. చదరంగము మన దేశమునుండి పారసీకమునకు పోయి, దానివెంట ఈ కథయు పోయినది.

అరువదినాలుగు మారులు రెట్టించి, కూడుట పామరుని మార్గము. శాస్త్రమార్గము వేరు. ఛందోగణితమున పింగళుడు సూచించి, మహావీరుడు గుణశ్రేఢికి అన్వయించిన విధానము ఇది: గడుల సంఖ్యను సగము చేయుచు పొమ్ము, బేసి వచ్చినచో ఒకటి తీసివేయుము, పిదప వెనుకకు వచ్చుచు సగము చేసినచోట వర్గము చేయుము, ఒకటి తీసినచోట రెట్టింపుము. 64ను ఆరుమారులు సగము చేసిన 1 మిగులును. కావున 2ను ఆరుమారులు వర్గించిన చాలును. 2, 4, 16, 256, 65,536, పిదప 4,29,49,67,296, తుదకు మన ఇరువది అంకెల సంఖ్యకంటె ఒకటి ఎక్కువ. దానిలో ఒకటి తీసివేసినచో సమాధానము సిద్ధము. అరువదిమూడు రెట్టింపులకు బదులు ఆరు గుణకారములు!

ఈ ఆరు మెట్ల నిచ్చెనయే మల్లన సంఖ్యయొక్క గర్భమును విప్పు తాళపుచెవి. ఒక సంఖ్య వర్గమునుండి ఒకటి తీసినచో, ఆ సంఖ్యకు ఒకటి తక్కువయు, ఒకటి ఎక్కువయు గల రెండు సంఖ్యల లబ్ధము వచ్చునని ఎనిమిదవ తరగతి విద్యార్థికి తెలియును. దీనిని పైమెట్టునుండి క్రిందికి వరుసగా ప్రయోగించిన, చదరంగపు మొత్తము ఇట్లు విడిపోవును: 3, 5, 17, 257, 65,537, 4,29,49,67,297. నిచ్చెనలోని ప్రతి మెట్టునకు ఒకటి కలిపిన సంఖ్యలే ఇవి. ఈ ఆరింటి లబ్ధమే మల్లన చెప్పిన సంఖ్య.

మల్లనకు ఈ విభజన తెలిసియుండెనని చెప్పుటకు ఏ ఆధారమును లేదు. మన పూర్వులకు అన్నియు తెలియునని వాదించుట వారికి మర్యాద చేయుట కాదు. ఆతని గ్రంథము వ్యవహారగణితము. ప్రధాన సంఖ్యల జాతకములు దానికి పనిలేదు. సంఖ్యను తప్పులేకుండ చెప్పి, తప్పులేకుండ నిలుపు ఉపాయము చేసెను. మిగిలినది మరియొక దేశమున, మరియొక ప్రశ్ననుండి పుట్టినది.

1640 ప్రాంతమున ఫ్రెంచి న్యాయాధికారి ఫెర్మా ఈ వరుసనే చూచెను. 3, 5, 17, 257, 65,537 ఐదును ప్రధాన సంఖ్యలు. వరుసలోని సంఖ్యలన్నియు అట్లే యుండునని ఆతడు నమ్మెను, మిత్రులకు వ్రాసెను, నిరూపింపలేకపోయెను. సుమారు తొంబది సంవత్సరములు ఎవరును కాదనలేదు. 1729లో గోల్డ్‌బాక్ ఈ మాటను ఇరువదిరెండేండ్ల ఆయిలరు చెవిని వేసెను. స్విట్జర్లాండున బాసెల్ నగరమున పుట్టి రష్యా రాజధానిలో కొలువున నున్న ఆయిలరు, 1732లో ఆరవ సంఖ్యను విరుగగొట్టెను. 4,29,49,67,297 అనునది 641, 67,00,417ల లబ్ధము.

ఆయిలరు తరువాత ఇందలి రహస్యమును బయటపెట్టెను. ఈ ఆరవ సంఖ్యను భాగింపగల ప్రధాన సంఖ్య ఏదైనను 64చేత భాగించినచో శేషము 1 రావలెను. అట్టి ప్రధాన సంఖ్యలు మొదటినుండి 193, 257, 449, 577, 641. ఐదవ ప్రయత్నమునకే తాళము ఊడును. ఫెర్మా అంతటివాడు ఐదు భాగహారములు చేయక మోసపోయెను! నమూనాలు ఐదు సరిపోయినవని ఆరవదానిని నమ్మరాదని బోధించుటకు ఉపాధ్యాయులకు ఇంతకంటె చక్కని ఉదాహరణము దొరకదు. ఆ 64 చదరంగపు గడుల సంఖ్యయే యగుట కాకతాళీయము కాదు. అరువదినాలుగు రెట్టింపుల తరువాత మరల ఒకటికి వచ్చు శేషచక్రమునుండియే ఆ నియమము పుట్టినది.

చదరంగపు బల్లపై మరియొక వింత కలదు. అరువదినాలుగు గడులు నిండువరకు ఆగక, గడి గడికి అప్పటి మొత్తమును పరీక్షించి చూడవలెను. రెండు గడులకు 3, మూడింటికి 7, ఐదింటికి 31, ఏడింటికి 127. ఇవి ప్రధాన సంఖ్యలు. గడుల సంఖ్య ప్రధానమైనచో మొత్తమును ప్రధానమే యని తొందరపడరాదు. పదునొకండు గడుల మొత్తము 2047, అది 23, 89ల లబ్ధము. పదమూడు, పదునేడు, పందొమ్మిది గడులవద్ద మరల ప్రధాన సంఖ్యలు వచ్చును. పందొమ్మిదవ గడివద్ది 5,24,287ను ఇటలీ దేశపు కటాల్డి 1588లో తేల్చెను. ముప్పదియొకటవ గడివద్ద 2,14,74,83,647 వచ్చును. ఇది ప్రధానమని 1772లో చెప్పినవాడు మరల ఆయిలరే. అప్పటికి ఆతని కన్నులు దాదాపు పూర్తిగా పోయినవి. 46,339 వరకు గల ప్రధాన సంఖ్యలన్నిటిచేతను భాగించిన తేలవలసిన విషయమును, శేషనియమములచే వడపోసి, అందులో కొలదిపాటి సంఖ్యలతో ముగించెను. దీని తరువాత బల్లపై మిగిలినది ఒక్కటే, అరువదియొకటవ గడి. ఆ మొత్తము 23,05,84,30,09,21,36,93,951. దీనిని 1883లో ప్రధానమని చూపినది రష్యా పల్లెలో పౌరోహిత్యము చేసికొను పెర్వూషిన్. బల్లను దాటి ఈ వేట నేటికిని నడచుచున్నది. 2024 అక్టోబరున ప్రకటించిన ప్రధాన సంఖ్యకు 13,62,79,841 గడుల బల్ల కావలెను. ఆ మొత్తమును వ్రాయుటకు నాలుగు కోట్ల పదిలక్షలకు పైగా అంకెలు పట్టును.

మల్లన గ్రంథము కరణముల యిండ్లలోను వీథిబడులలోను తాళపత్రములుగా చాలకాలము తిరిగినది. పావులూరి గణితము అని కర్తపేరిటనే దానికి వ్యవహారము కలిగినది. కవి ఊరే శాస్త్రమునకు పేరయినదన్నమాట. మూలమైన గణితసారసంగ్రహము 1912లో రంగాచార్యులవారి ఆంగ్లానువాదముతో మద్రాసున అచ్చుపడినది. నాటినుండియే మహావీరుని పేరు పాశ్చాత్యుల గణితచరిత్రలలో కెక్కినది. తెలుగు కవికి అంతటి ప్రచారము కలుగలేదు. నన్నయ భారతమును చదువు విద్యార్థులలో, నూరేండ్లకు లోపుగానే అదే వేంగినేలలో ఒకడు వడ్డీలెక్కలకును వైశాల్యములకును పద్యము కట్టెనని ఎరిగినవారు ఎందరు? సాహిత్యచరిత్రలు ఆతనిని కవిగా కొలిచి, కవిత్వము తక్కువని ప్రక్కకు నెట్టినవి. గణితచరిత్రలు అనువాదకుడని విడిచినవి. ఒక భాషలో శాస్త్రము చెప్పుటకు మాటలే లేనిచోట మాటలను నిలబెట్టిన శ్రమను రెండు తక్కెడలును తూచలేదు.

ఆతని సంఖ్య నిర్దుష్టమో కాదో పాఠశాలలో సరిచూచుటకు యంత్రము అక్కరలేదు. చివర 5 కలదు గనుక 5చేత పోవును. అంకెల మొత్తము 87 గనుక 3చేత పోవును, 9చేత పోదు. 17చేత భాగించుట కొంత ఓపికపని. కాని అదియే మంచి కావలివాడు: ఇరువది అంకెలలో ఏ ఒక్క అంకె మారినను 17చేత శేషము వచ్చితీరును. లేఖకుని తప్పును పట్టుటకు ఛందస్సు ఒక కాపు, 17 మరియొక కాపు.

ఇక మిగిలినది ఆ సంఖ్యయొక్క అతిపెద్ద కారణాంకము, 67,00,417. అది నిజముగా విడదీయరానిదేనా? దాని వర్గమూలము 2,588కి కొంచెము ఎక్కువ. అంతకు లోపల, 64చేత భాగించిన 1 మిగులు ప్రధాన సంఖ్యలను మాత్రమే పరీక్షించిన చాలును. 641కంటె చిన్నవి ముందే తొలగినవి. మిగిలినవి ఏడు: 641, 769, 1153, 1217, 1409, 1601, 2113. ఏడుగురు పిల్లలకు ఒక్కొక్క భాగహారము పంచి యిచ్చినచో తరగతి ముగియులోపల తేలిపోవును. శేషములు వరుసగా 44, 120, 334, 832, 622, 232, 94. ఒక్కచోటనైనను సున్న రాలేదు.